నెత్తి మీద ఆరు సెంటీమీటర్లు

నున్నగా గొరిగిన తల మీద సర్జన్ నీలి సిరాతో గీత గీస్తున్నారు. మీరు ఆయన భుజం వెనక నిలబడ్డారు, ముఖానికి మాస్క్, కాళ్లకు థియేటర్ చెప్పులు. కుడిచెవి పైన గాయం అంచున మొదలైన గీత నడినెత్తి దాటింది, ఎడమ వైపు వంపు తిరిగింది, ఇంకా పోతూనే ఉంది. గాయం వెడల్పు 6 సెంటీమీటర్లు. గీత అప్పుడే పాతిక దాటేసింది. ఇంత పుండుకి అంత కోత ఎందుకని మీకు అనిపిస్తుంది. పక్కనున్న పీజీ డాక్టరుకీ కొత్తలో అలాగే అనిపించి ఉంటుంది. నెత్తి చర్మాన్ని తిప్పి గాయం మీదికి తేవాలంటే గాయం వెడల్పుకు నాలుగు నుంచి ఆరింతల పొడవున కోయాలి. 3 సెంటీమీటర్ల లోపు గాయమైతే అంచులు దగ్గరికి లాగి కుట్టేయొచ్చు. అది దాటితే ఆ చర్మం మాట వినదు.

బల్ల మీదున్నావిడ మినుములు నూర్చే మిషన్ దగ్గర పని చేస్తుండగా ఆమె జడ బెల్టులో చిక్కుకుని నెత్తి చర్మం ఊడిపోయింది. ఊడిన ముక్కను ఎవరూ తీయలేదు, చేలోనే ఉండిపోయింది.

పొద్దున వార్డులో ఆమె భర్త ఒక ప్రశ్న అడిగాడు. ఇక్కడికి వచ్చే ప్రతి ఇంటివాళ్లూ అదే అడుగుతారు: "తొడ మీద చర్మం తీసి అంటించకూడదా సార్?"

ఇప్పుడు డ్రెస్సింగ్ తీశారు, వంగి చూడండి. గాయం అంచుల దగ్గర తడిగా, గులాబి రంగులో మెరుస్తున్నది పుర్రెను అంటిపెట్టుకుని ఉండే పల్చటి పొర. అందులో రక్తం ఆడుతోంది కాబట్టి అక్కడ తొడ చర్మం పెడితే బతుకుతుంది. మధ్యలో రూపాయి బిళ్లంత మేర ఆ పొర కూడా లేచిపోయింది, ఎండి పాలిపోయిన ఎముక కనిపిస్తోంది. దాని మీద అలా తీసి అంటించిన ఏ చర్మమైనా నల్లబడి రాలిపోతుంది. ఎముక పైపొరను రక్తపు చుక్కలు వచ్చేదాకా డ్రిల్‌తో గీకి, కొన్ని వారాలు ఆగి, కొత్త కండ లేచాక చర్మం వేసే పద్ధతి ఉంది. పెద్ద ఆపరేషన్‌కు తట్టుకోలేని ముసలివాళ్లకు అదే మేలు. ఎండలో గంప మోయాల్సిన మనిషికి మాత్రం చీటికీమాటికీ చిట్లే ఆ పల్చటి తోలు చాలదు.

"మొదలుపెడదామా?" మత్తు డాక్టరు తలూపారు.

కత్తి దిగగానే రెండంచుల నుంచీ నెత్తురు చిమ్ముతుంది. నెత్తి చర్మంలోని గట్టి పీచు రక్తనాళాలను ముడుచుకోనివ్వదు, తెగినవి తెరుచుకునే ఉంటాయి. సిస్టర్ ప్లాస్టిక్ క్లిప్పులు వరసగా అందిస్తోంది. అంచు చుట్టూ అవి బిగుసుకున్నాక సక్షన్ చప్పుడు తగ్గింది. ఇప్పుడు సర్జన్ వేలు కిందికి దూరుస్తారు. చర్మం సులువుగా లేస్తోంది, ఎందుకంటే అక్కడున్నది వదులైన పొర. మిషన్ లాగినప్పుడు ఊడివచ్చిందీ సరిగ్గా ఆ పొర దగ్గరే.

లేపిన చర్మాన్ని గాయం వైపు లాగారు. రాలేదు. తిరగేసి చూపించారు: అడుగున తెల్లగా, బిగువుగా గేలియా అనే పొర. సాగనివ్వనిది ఇదే. సెంటీమీటరుకొకటి చొప్పున దాని మీద అడ్డంగా గాట్లు పెడుతున్నారు. గది మొత్తం నిశ్శబ్దం. ఆ పొరకు సరిగ్గా పైనే రక్తనాళాలున్నాయి, మొన వెంట్రుకవాసి లోతుకు దిగితే ఈ శ్రమంతా వృథా. ఒక్కో గాటుకు ఒకటి రెండు మిల్లీమీటర్లు వస్తాయి, అంతే. పది గాట్ల తరువాత మళ్లీ లాగారు. చర్మం తిరిగి వచ్చి బోడి ఎముకను కప్పేసింది.

వెనక మాత్రం నెలవంక ఆకారంలో ఖాళీ మిగిలింది. అక్కడ ఎముక మీది పొరను జాగ్రత్తగా ఉంచేశారు. ఆ చోటికి తొడ చర్మం వస్తోంది. పొద్దున భర్త అడిగింది పూర్తిగా తప్పేమీ కాదన్నమాట.

ఆ నెలవంక మీద జుట్టు మొలవదు. గాయం బాగా మానాక ఆమె కోరుకుంటే, పక్కనున్న జుట్టు చర్మం కింద సిలికాన్ బెలూన్ పెట్టి, వారం వారం సెలైన్ ఎక్కిస్తూ రెండు మూడు నెలలు సాగదీసి ఆ చోటును మూసేయొచ్చు. సగం నెత్తి దాకా ఇలా నింపగలరు. నెత్తంతా పోతే వీపు కండను రక్తనాళాలతో సహా తెచ్చి, మైక్రోస్కోప్ కింద కణత దగ్గరి ధమనికి కుట్టాలి. మైక్రోసర్జరీతో నెత్తి గాయాన్ని కప్పిన తొలి కేసు 1972లో ప్రచురితమైంది. అమెరికాలో మెక్లీన్, బంకీ అనే సర్జన్లు కడుపులోని కొవ్వు పొరను తెచ్చి కప్పారు.

వీటన్నిటికంటే మేలైనది ఊడిన నెత్తినే తిరిగి కుట్టడం. జుట్టుతో సహా బతుకుతుంది. అందుకు ఆ ముక్క ఆస్పత్రికి చేరాలి. మిషన్ దగ్గరికి వెళ్లేటప్పుడు జడ ముడివేసి గుడ్డ బిగించి కట్టుకోండి. ప్రమాదం జరిగితే గాయం మీద శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదమండి. ఊడిన ముక్కను తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో మూతి కట్టి, ఆ కవరును ఐసు మీద పెట్టండి. ఐసు నేరుగా చర్మానికి తగలనివ్వకండి. మనిషితో పాటే, మైక్రోసర్జరీ చేసే ఆస్పత్రికి, అదే పూట తీసుకెళ్లండి.