గాలిమరల్లో ఊరి వాటా
పదేళ్లలో పూర్తిగా పునరుత్పాదక ఇంధనానికి మారే ప్రణాళికతో డెన్మార్క్‌లోని సామ్సో దీవి 1997లో ప్రభుత్వ పోటీ గెలిచింది. ఆ మాట నిలబెట్టింది యంత్రాల కన్నా యాజమాన్యమేనని నా అభిప్రాయం. 2000 నాటికి నేలమీద లేచిన 11 గాలిమరల్లో తొమ్మిది రైతులవి, రెండు చిన్న వాటాదారులవి. తన వాటా ఉన్న మర చప్పుడు ఎవరికీ రొదగా తోచదు. ఇక ఇళ్ల వేడి సంగతి: కోతలయ్యాక మిగిలిన గడ్డిమోపులు ఊరి బాయిలర్‌లో కాలుతాయి. వేడినీరు భూమిలోని గొట్టాల వెంట ఇంటింటికీ చేరి గదులను వెచ్చబరుస్తుంది. గాలిమరలన్నీ సర్కారు ఇచ్చిన కరెంటు ధర హామీ చలవే అనేవారున్నారు. హామీ లేనిదే అప్పు పుట్టేది కాదు, నిజమే. కానీ ఆ హామీతో లాభం బయటి కంపెనీకి పోకుండా దీవిలోనే మిగిలేలా చూసుకున్నది ఊరివాళ్లే. కార్లు, పడవలు మాత్రం అప్పట్లో చమురు వదల్లేదు. ఆ లోటు భర్తీకే 2003 నాటికి సముద్రంలో మరో 10 మరలు నిలబెట్టారు.