చేతి పీహెచ్, అయాన్ మీటరు: చరిత్ర, క్యాలిబ్రేషన్

నీటిలోనో, మట్టి కలిపిన ద్రావణంలోనో, చెరకు రసంలోనో ఉన్న హైడ్రోజన్ అయాన్ల క్రియాశీలతను పీహెచ్ అంకెగా చూపే పరికరం పీహెచ్ మీటరు. అదే పరికరానికి తగిన ఎలక్ట్రోడు తగిలిస్తే ఫ్లోరైడ్, నైట్రేట్ వంటి అయాన్ల గాఢతను లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని చెబుతుంది. అప్పుడు దాన్ని అయాన్ మీటరు అంటారు. బల్ల మీద నుంచి అరచేతిలోకి వచ్చేసరికి ఈ పరికరానికి పట్టిన కాలం దాదాపు అర్ధ శతాబ్దం. దీని చరిత్రను సాధారణంగా పరిమాణం తగ్గుతూ వచ్చిన క్రమంగానే చెబుతారు. కానీ ఆధారాలను వరుసగా చూస్తే అసలు కథ వేరేచోట కనిపిస్తుంది. మీటరు తనంతట తాను ఏ నిజాన్నీ కొలవదు. విలువ ముందే తెలిసిన ఒక ద్రావణంతో ఎదుట ఉన్న నమూనాను పోల్చి చెబుతుంది, అంతే. త్రాసుకు తూనికరాళ్లు ఎలాగో మీటరుకు ఈ ప్రమాణ ద్రావణాలు అలాగ. కనుక మీటరు ప్రయోగశాల గడప దాటిన రోజున ఆ ద్రావణాలు కూడా దానితో కలిసి దాటవలసి వచ్చింది. ఈ రెండో ప్రయాణాన్ని పట్టించుకోని చోట అరచేతిలోని మీటరు ఇచ్చే అంకెలు నమ్మదగినవి కావు.

ఈ విషయం కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతానికి ఎందుకు ముఖ్యమో నేలను చూస్తే తెలుస్తుంది. 2016 అక్టోబరు 11న నిజామాబాదు నుంచి విడివడి ఏర్పడిన కామారెడ్డి జిల్లాలో ఎల్లారెడ్డి ఒక రెవెన్యూ డివిజన్. జిల్లాలో చాలా భాగం ప్రాచీనమైన గ్రానైటు, నైస్ రాళ్ల మీద ఉంది. పడమటన జుక్కల్, మద్నూరు వైపు దక్కన్ లావా రాయి, దాని మీద నల్లరేగడి కనిపిస్తాయి. మంజీర నది మీద నవాబ్ అలీ నవాజ్ జంగ్ పర్యవేక్షణలో కట్టి 1931లో పూర్తిచేసిన నిజాంసాగర్ ఈ జిల్లాలోనే ఉంది. కాలువ నీరు అందని చల్క నేలల్లో సేద్యం బోర్ల మీద నడుస్తుంది. గ్రానైటులోని ఫ్లోరైటు, అపటైటు, నల్ల అభ్రకం వంటి ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీటిలోకి దిగుతుంది. నీటిలో కాల్షియం తక్కువగా, క్షారత ఎక్కువగా ఉన్నచోట అది మరింత దిగుతుంది. పొలంలో వేసిన యూరియా, ఊళ్లోని మురుగు నైట్రేటుకు కారణమవుతాయి. కాలువ కింద నీరు నిలిచే భూముల్లో చౌడు తేలుతుంది. ఇవేవీ కంటికి, నాలుకకు కచ్చితంగా అందవు. కొలిస్తేనే తెలుస్తాయి, అదీ చాలాసార్లు అక్కడికక్కడే కొలవాలి. లోతైన బోరు నుంచి వచ్చిన నీటిలో కరిగి ఉన్న బొగ్గుపులుసు వాయువు బయటి గాలి తగలగానే తప్పించుకుంటుంది, దాంతో పీహెచ్ పెరుగుతుంది. ఎల్లారెడ్డి దగ్గర సీసాలో పట్టిన నీటిని మర్నాడు హైదరాబాదులో పరీక్షిస్తే వచ్చే పీహెచ్, ఆ బోరు పీహెచ్ ఒకటి కావు. చేతి మీటరు అవసరానికి మూలం ఇదే.

శాస్త్ర పునాది 1889 నాటిది. ఎలక్ట్రోడు వద్ద పుట్టే వోల్టేజి అయాన్ల గాఢత లాగరిథమ్‌ను అనుసరిస్తుందని వాల్టర్ నెర్న్‌స్ట్ ఆ ఏడాది సమీకరణం రూపంలో చూపాడు. 1906లో మాక్స్ క్రీమర్ పలుచని గాజు పొరకు రెండు వైపులా ఆమ్లత వేరుగా ఉంటే వోల్టేజి పుడుతుందని గమనించాడు. 1909లో ఫ్రిట్జ్ హేబర్, జిగ్మున్ట్ క్లెమెన్సీవిచ్ దాన్ని గాజు ఎలక్ట్రోడుగా మలిచారు. అదే ఏడాది కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎంజైములపై పనిచేస్తున్న సోరెన్ సోరెన్‌సెన్ పీహెచ్ కొలమానాన్ని ప్రతిపాదించాడు. అతని పనిలో ఎక్కువమంది గుర్తుంచుకునేది ఆ కొలమానాన్నే. దానితోపాటు, ఆమ్లమో క్షారమో కాస్త కలిసినా పీహెచ్ మారకుండా నిలిచే బఫరు ద్రావణాల వరుసను కూడా అతడు తయారుచేసి ఇచ్చాడు. నా లెక్కలో ఈ రెండో కానుకే పెద్దది. ఎవరికి వారు తిరిగి తయారుచేసుకోగల ద్రావణాలు లేకుంటే ఒక ఊరి పీహెచ్ 7 మరో ఊరి పీహెచ్ 7తో సరితూగుతుందని చెప్పడానికి ఆధారమే ఉండేది కాదు.

గాజు పొర విద్యుత్తుకు విపరీతమైన నిరోధం చూపుతుంది. మామూలు మీటర్లతో దాని వోల్టేజిని కొలవడం కుదరక పాతికేళ్లపాటు ఆ ఎలక్ట్రోడు నిపుణుల చేతిలోనే ఉండిపోయింది. 1934లో కాలిఫోర్నియాలో పండ్లతోటల సహకార సంఘంలో పనిచేసే గ్లెన్ జోసెఫ్ నిమ్మరసం ఆమ్లత కొలవడానికి సాయం కోరితే, అతని పాత సహాధ్యాయి ఆర్నాల్డ్ బెక్‌మన్ వాక్యూమ్ ట్యూబులతో ఆంప్లిఫయర్ కట్టి ఇచ్చాడు. ఆ రసంలో నిల్వ కోసం కలిపిన గంధక డయాక్సైడు లిట్మస్ రంగును తెల్లబరిచేది, హైడ్రోజన్ ఎలక్ట్రోడును పాడుచేసేది. గాజు ఎలక్ట్రోడుకు ఆ బెడద లేదు. 195 డాలర్ల ధరతో అమ్మిన ఆ పెట్టెకు 1936లో పేటెంటు వచ్చింది. ఈ సంగతి చెరకు పండే నిజామాబాదు ప్రాంతానికి అనుకున్నంత దూరమైనది కాదు. బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో మొదలైంది. తరవాతి కాలంలో కామారెడ్డి దగ్గర అడ్లూరు ఎల్లారెడ్డిలో కూడా చక్కెర మిల్లు వచ్చింది. మన దేశపు మిల్లుల్లో తెల్ల చక్కెర కోసం రసానికి సున్నం పట్టించి, గంధక డయాక్సైడు ఊది, పీహెచ్‌ను 7 దగ్గరకు తెస్తారు. అంతకంటే ఆమ్లం ఎక్కువైతే వేడికి సుక్రోజు విరిగి చక్కెర దిగుబడి పడిపోతుంది, క్షారం ఎక్కువైతే రసం నల్లబడుతుంది. నిమ్మరసాన్ని ఇబ్బంది పెట్టిన గంధకపు ఆవిరే ఇక్కడా ఉంది కనుక, రంగు కాగితాల కంటే గాజు ఎలక్ట్రోడే ఈ పనికి ఎక్కువ తగినది.

పెట్టె చిన్నదవడానికి ట్రాన్సిస్టర్లు, ముఖ్యంగా ఫీల్డ్ ఎఫెక్ట్ ట్రాన్సిస్టర్లు దారి తీశాయి. 1970లో పీట్ బెర్గ్‌వెల్డ్ ట్రాన్సిస్టరునే అయాన్ గుర్తించే పరికరంగా మార్చి చూపాడు. ఇదంతా వేగంగా జరిగిన భాగం. నెమ్మదిగా, ఓపికగా సాగిన పని మరొకటి ఉంది. అమెరికా నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో రోజర్ బేట్స్, అతని సహచరులు దశాబ్దాలపాటు శుద్ధమైన లవణాలతో బఫర్లు చేసి, ఒక్కో ఉష్ణోగ్రత వద్ద ఒక్కోదాని విలువను స్థిరపరిచారు. నేడు సీసాల మీద కనిపించే 4.01, 6.86, 9.18 అంకెలు ఆ శ్రమ ఫలితమే. అవి 25 డిగ్రీల సెల్సియస్ వద్ద విలువలు. 9.18 అని రాసిన బోరాక్సు బఫరు 40 డిగ్రీల వద్ద 9.07 అవుతుంది. మే నెలలో ఎల్లారెడ్డి ఎండలో సంచిలో ఉన్న సీసాకు 40 డిగ్రీలు మామూలే. మీటరులోని ఉష్ణోగ్రత సవరణ ఎలక్ట్రోడు వాలును మాత్రమే సరిచేస్తుంది. 25 డిగ్రీల వద్ద ఒక్క పీహెచ్‌కు 59.16 మిల్లీవోల్టులుగా ఉండే ఆ వాలు 40 డిగ్రీల వద్ద 62.1 అవుతుంది. బఫరు సొంత విలువ మారిందన్న సంగతి మీటరు జ్ఞాపకంలో పట్టికగా ఉంటే తెలుస్తుంది, లేకుంటే కొలిచే మనిషే సీసా మీది పట్టిక చూసి పెట్టాలి.

వాలు సంగతి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే పొలంలో తప్పులు ఎక్కువగా ఇక్కడే దాగుతాయి. ఎలక్ట్రోడు ముసలిదై వాలు ఉండవలసిన దానిలో 90 శాతానికి పడిపోయిందనుకుందాం. కొలిచేవారు పీహెచ్ 7 బఫరు ఒక్కదానితోనే సరిచూసుకుంటే ఆ లోపం బయటపడదు, ఎందుకంటే 7 దగ్గర వోల్టేజి దాదాపు సున్నా. అసలు పీహెచ్ 8.6 ఉన్న నీటిని ఆ మీటరు 8.44గా చూపుతుంది. తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 పెట్టిన హద్దు 6.5 నుంచి 8.5. క్షార చౌడును గుర్తించడానికి నేల శాస్త్రవేత్తలు వాడే గీత కూడా 8.5. అంటే హద్దు దాటిన నీరు హద్దు లోపలిదిగా, జిప్సం వేయవలసిన నేల అక్కర్లేనిదిగా తేలుతుంది. అందుకే నమూనా విలువ రెండు బఫర్ల మధ్య పడేలా 7కు తోడుగా 9.18 కూడా వాడాలి, వాలు దాదాపు 95 శాతం కంటే తగ్గితే ఎలక్ట్రోడును శుభ్రంచేయాలి లేదా మార్చాలి. ఎలక్ట్రోడును స్వేదన జలంలో నానబెట్టడం కూడా దాన్ని తొందరగా చంపుతుంది. పొటాషియం క్లోరైడు ద్రావణంలోనే ఉంచాలి.

అయాన్ మీటరు కథలో తెలుగు నేలకు సొంత స్థానం ఉంది, అది బాధాకరమైన స్థానం. 1937లో గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ డైరెక్టర్ హెచ్.ఇ. షార్ట్, సి.జి. పండిట్, టి.ఎన్.ఎస్. రాఘవాచారి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ ఉన్నట్టు ప్రచురించారు. భారతదేశంలో ఈ వ్యాధికి తొలి శాస్త్రీయ నమోదు అదే. దర్శి, కనిగిరి, పొదిలి ప్రాంతాల పేర్లు అప్పుడే వైద్య సాహిత్యంలోకి ఎక్కాయి. 1955లో ఎ.హెచ్. సిద్దిఖీ నల్లగొండ జిల్లా రోగులపై రాసిన వ్యాసం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి 1973లో అదే ప్రాంతపు పిల్లల్లో మోకాళ్లు లోపలికి వంగే వికృతిని వివరించారు. ఈ కాలంలో ఫ్లోరైడ్ కొలతకు రంగు మార్పు పద్ధతులే ప్రధాన ఆధారం. 1966లో మార్టిన్ ఫ్రాంట్, జేమ్స్ రాస్ లాంథనమ్ ఫ్లోరైడ్ స్ఫటికంతో ఫ్లోరైడ్ ఎలక్ట్రోడును ప్రకటించినప్పుడు, గంటలు పట్టే పని నిమిషాల్లోకి వచ్చింది.

ఇక్కడ కూడా స్ఫటికం కంటే తోడు ద్రావణమే నిర్ణాయకం. ఫ్రాంట్, రాస్ 1968లో టిసాబ్ అనే ద్రావణాన్ని తయారుచేశారు. అది నమూనాకు, ప్రమాణ ద్రావణానికి సమానంగా కలిపినప్పుడు పీహెచ్‌ను 5 నుంచి 5.5 దగ్గర నిలుపుతుంది, లవణాల తేడాను చెరిపేస్తుంది, ఫ్లోరైడును పట్టేసుకున్న అల్యూమినియం, ఇనుములను విడిపిస్తుంది. పీహెచ్ మరీ తగ్గితే ఫ్లోరైడ్ హైడ్రోజన్‌తో జతకట్టి కనిపించకుండా పోతుంది. మరీ పెరిగితే హైడ్రాక్సిల్ అయాన్లనే ఎలక్ట్రోడు ఫ్లోరైడుగా లెక్కవేస్తుంది. నాగపూర్‌లోని నీరీ సంస్థ 1970లలో రూపొందించిన నల్లగొండ పద్ధతిని దీనితో కలిపి చూడాలి. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడితో ఫ్లోరైడును తొలగించే ఆ పద్ధతిలో శుద్ధిచేసిన నీటిలో కొంత అల్యూమినియం మిగలవచ్చు. టిసాబ్ లేకుండా నేరుగా ఎలక్ట్రోడు ముంచితే, అల్యూమినియం పట్టిన ఫ్లోరైడ్ లెక్కకు రాదు, నీరు నిజానికంటే శుద్ధమైనదిగా తేలుతుంది. కొలత తప్పు ఇక్కడ ఎటు వైపు మొగ్గుతుందో చూడండి: తాగేవారికి హాని చేసే వైపే. లాగరిథమ్ లెక్కకు మరో ఫలితమూ ఉంది. ఒక్క మిల్లీవోల్టు పొరపాటు అయాన్ గాఢతలో 4 శాతం పొరపాటవుతుంది. 5 మిల్లీవోల్టులు జరిగితే, లీటరుకు 1.8 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న బోరు నీరు 1.48గా కనిపించవచ్చు. వేరే నీటి వనరు దొరకనప్పుడు ఐఎస్ 10500 అనుమతించే గరిష్ఠం 1.5.

ఇప్పటి మీటర్లు బఫరును తామే గుర్తుపట్టి సరిచేసుకుంటాయి కదా, ఇంత పట్టింపు ఎందుకని అడగవచ్చు. మీటరు గుర్తుపట్టేది వోల్టేజినే. మూత తీసి వారాలు గడిచి, గాలిలోని బొగ్గుపులుసు వాయువు పీల్చి విలువ దిగిపోయిన క్షార బఫరును కూడా అది 9.18గానే స్వీకరిస్తుంది, తన వాలును ఆ అబద్ధానికి అనుగుణంగా దిద్దుకుంటుంది. ఇంతకంటే బలమైన అభ్యంతరం రంగు కిట్ల గురించినది. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్‌లో ఊరికి ఐదుగురు మహిళలకు కిట్లతో నీటి పరీక్ష నేర్పాలన్న ఏర్పాటు ఉంది. ఊరంతటి బోర్లలో అనుమానించవలసినవి ఏవో ఏరడానికి ఆ కిట్లు నిజంగా పనికొస్తాయి, ఈ పని మీటరు కంటే అవే చవకగా చేస్తాయి. కానీ 1.3కూ 1.7కూ మధ్య రంగు తేడా ఎండలో ఒక్కో కంటికి ఒక్కోలా తోస్తుంది. కిట్టు ఏరి పెట్టిన బోరు దగ్గరకు సరిచూసిన మీటరు వెళ్లడం సహజమైన తరవాతి మెట్టు. వానకు ముందూ తరవాతా భూగర్భ జలం ఎంతగానో మారుతుంది, ఈ చిన్న తేడాల వెంట పడడం వృథా అనేవారూ ఉన్నారు. ఆ మార్పు నిజమే. అయితే మేలో ఒక బఫరుతో, నవంబరులో బఫరే లేకుండా కొలిస్తే కనిపించిన తేడాలో వాన చేసింది ఎంతో, ఎలక్ట్రోడు అలసట చేసింది ఎంతో విడదీయలేం.

మిషన్ భగీరథ నల్లా నీరు వచ్చాక బోర్ల పరీక్ష అనవసరమన్న వాదనకూ ఇదే సందర్భంలో జవాబు చెప్పాలి. తాగే నీరు మారినా పొలానికి, పశువులకు, పైపు మరమ్మతు రోజుల్లో మనుషులకు బోరే దిక్కు. ఊళ్లలోని ఆర్ఓ ప్లాంట్ల నీరు మరో చిక్కు తెస్తుంది. దానిలో అయాన్లు ఎంత తక్కువంటే మీటరు అంకె నిమిషాల తరబడి తేలుతూనే ఉంటుంది, తొందరపడి రాసుకున్న పీహెచ్‌కు అర్థం ఉండదు. నైట్రేట్ ఎలక్ట్రోడుకు ఇంకా జాగ్రత్త కావాలి. భారత ప్రమాణంలో నైట్రేటు హద్దు 45 మిల్లీగ్రాములు, సడలింపు లేదు. ఉప్పదనం ఉన్న బోరులో క్లోరైడు ఆ ఎలక్ట్రోడును మోసగించి నైట్రేటును పెంచి చూపుతుంది. అలాంటి నీటికి క్లోరైడును వెండి లవణంతో అవక్షేపించి తీసివేశాక కొలవాలి. మట్టి పీహెచ్‌కు ఒక వంతు మట్టికి రెండున్నర వంతుల నీరు అన్న నిష్పత్తి మన ప్రయోగశాలల్లో వాడుకలో ఉంది. తడి మడిలో నేరుగా గుచ్చిన ప్రోబు ఇచ్చే అంకెను ఆ నిష్పత్తితో చేసిన పట్టికలతో పోల్చకూడదు. అందుచేత పొలం పుస్తకంలో పీహెచ్ పక్కన ఏ బఫర్లు వాడారో, వాటిని ఏ తేదీన తెరిచారో, నీటి వేడి ఎంతో, వాలు ఎంత శాతం వచ్చిందో, మట్టికి నీరు ఏ నిష్పత్తిలో కలిపారో కూడా రాయాలి. అవి లేని అంకెను తరవాతి ఏడాది అంకెతో పోల్చడానికి వీలుండదు.