పాత ప్రాసెసర్‌కు తగిన గ్రాఫిక్స్ కార్డు

పాత కంప్యూటర్‌కు గ్రాఫిక్స్ కార్డు తగిలించేటప్పుడు ప్రాసెసర్ వేగం, కార్డు శక్తి, ఆ రెంటి మధ్య దారి, వాటికందే కరెంటు ఒకదానికొకటి సరిపోయేలా చూసుకోవాలి. ఆటలు ఆడేవాళ్ల మధ్య ఈ చర్చ ఎక్కువగా నలుగుతుంది. చిన్న ఊళ్లలో మాత్రం ఈ అవసరం ముందుగా పడేది ఫోటో స్టూడియోలకు, పెళ్లి వీడియో మిక్సింగ్ చేసేవాళ్లకు, ఫ్లెక్సీ డిజైన్ దుకాణాలకు.

అనంతపురానికి ఉత్తరంగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, పెన్న ఒడ్డున, 44వ జాతీయ రహదారి మీద ఉన్న పామిడి అలాంటి ఊరు. నైటీలకు, రెడీమేడ్ బట్టలకు పేరు. సెకండ్ హ్యాండ్ విడిభాగాల పెద్ద బజార్లు కావాలంటే దక్షిణాన బెంగళూరు ఎస్.పి. రోడ్డుకో, ఉత్తరాన సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కో పోవాలి. తెచ్చిన కార్డు కుదరకపోతే మళ్లీ అంత దూరం పోయి మార్చుకోవడం అయ్యే పని కాదు. కాబట్టి లెక్క కొనేముందే వేసుకోవాలి.

పని పంపకం

బట్టల ఊరివాళ్లకు ఈ సంగతి ఇట్టే తెలుస్తుంది. కటింగ్ మాస్టర్ గుడ్డ కోసి ఇస్తేనే కుట్టు మిషన్లు నడుస్తాయి. ఒక్క మాస్టర్ కింద పది మిషన్లు కొత్తగా పెట్టినా, ఆయన చేయి ఆడినంతే సరుకు బయటికొస్తుంది. కంప్యూటర్‌లో కోత పని ప్రాసెసర్‌ది, కుట్టు పని కార్డుది. తెరమీద ఎక్కడ ఏముండాలో ప్రాసెసర్ తేల్చి చెబితే, కార్డు దాన్ని బొమ్మగా గీస్తుంది. ఒక్కో ఫ్రేము సిద్ధం చేయడానికి ప్రాసెసర్‌కు 20 మిల్లీసెకన్లు పడితే, సెకనుకు 50 ఫ్రేములే వస్తాయి. ఎంత ఖరీదైన కార్డు పెట్టినా 51వది రాదు. అదే ఫ్రేమును కార్డు 10 మిల్లీసెకన్లలో గీయగలిగితే, సగం సేపు అది ఖాళీగా కూర్చుంటుంది. దీన్నే బాటిల్‌నెక్ అంటారు.

ఇది ఎటువైపు ఉందో తెలుసుకోవడానికి డబ్బు ఖర్చు లేదు. 2017 చివరి నుంచి విండోస్ 10 టాస్క్ మేనేజర్‌లోనే కార్డు వాడకం కూడా కనిపిస్తోంది. పని నడుస్తుండగా కార్డు 95 శాతం దాటి ఉంటే బరువంతా దానిమీదే ఉన్నట్టు. కార్డు సగంలోనే ఉండి, ప్రాసెసర్ కోర్లలో ఒక్కటైనా నూటికి నూరు కొట్టుకుంటుంటే, మార్చాల్సింది కార్డు కాదు. మొత్తం ప్రాసెసర్ శాతం చూసి మోసపోకూడదు: నాలుగు కోర్లలో ఒక్కటే పూర్తిగా అలసిపోయినా పైకి కనిపించేది 25 శాతమే.

దారి

ప్రాసెసర్‌కూ కార్డుకూ మధ్య దారి పీసీఐ ఎక్స్‌ప్రెస్. దాంట్లో ఒక్కో లేన్ మీద రెండో తరంలో సెకనుకు 500 మెగాబైట్లు, మూడో తరంలో దాదాపు 1 గిగాబైటు, నాలుగో తరంలో దాదాపు 2 గిగాబైట్లు నడుస్తాయి. 2011 నాటి ఇంటెల్ కోర్ ఐ5-2400 వంటివి రెండో తరంవి. 2012లో వచ్చిన ఐ5-3470 వంటివి మూడో తరంవి.

చాలామంది దెబ్బ తినేది ఇక్కడే. 2016 నాటి జీటీఎక్స్ 1050 టీఐకి 16 లేన్లు ఉంటాయి, అందుకని ఐ5-2400 పక్కన కూడా సెకనుకు 8 గిగాబైట్ల దారి దొరుకుతుంది. 2022లో వచ్చిన ఆర్‌ఎక్స్ 6400, ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ కార్డులకు ఉన్నవి నాలుగు లేన్లే. పీసీఐ నాలుగో తరం బోర్డులో వాటికీ దాదాపు 8 గిగాబైట్లు వస్తాయి, రెండో తరం పాత బోర్డులో మాత్రం అది 2కు పడిపోతుంది. కొత్త కార్డు కదా అని పాత మిషన్‌కు దీన్ని తగిలించడం నా దృష్టిలో పెద్ద పొరపాటు. 2022 నాటి ఇంటెల్ ఆర్క్ ఏ380 కూడా అంతే: రీసైజబుల్ బార్ అనే సదుపాయం లేని పాత బోర్డులో దాని వేగం బాగా తగ్గుతుంది.

కరెంటు, ఎండ

మదర్‌బోర్డు స్లాటు కార్డుకు ఇవ్వగలిగేది 75 వాట్లు. అంతకుమించి కావాలంటే ఎస్ఎంపీఎస్ (పెట్టెలోని పవర్ సప్లై) నుంచి విడిగా తీగ రావాలి: ఆరు పిన్నులదైతే ఇంకో 75, ఎనిమిది పిన్నులదైతే 150. పాత అసెంబుల్డ్ పెట్టెల్లో ఆ తీగ చాలాసార్లు ఉండనే ఉండదు. కంపెనీలు తీసేసిన డెల్ ఆప్టిప్లెక్స్ 7010 చిన్న పెట్టెలో ఎస్ఎంపీఎస్ 240 వాట్లదే, పైగా అందులో పొట్టి కార్డే పడుతుంది. 2022 సెప్టెంబరులో ఇథీరియం మైనింగ్ ఆగిపోయాక ఆర్‌ఎక్స్ 580 వంటి 185 వాట్ల కార్డులు చవగ్గా బజార్లోకి వచ్చాయి. ధర చూసి మనసు లాగినా, పదేళ్ల నాటి ఎస్ఎంపీఎస్ మీద అంత బరువు వేయడం దానికీ బోర్డుకూ ప్రమాదం. దుకాణాల్లో ఎక్కువగా కనిపించే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది దాదాపు 360 వాట్లు. ఐ5-2400కి గరిష్ఠంగా 95, 1050 టీఐకి 75 వేసుకుంటే మానిటరుతో సహా ఆ లెక్కలో ఇముడుతుంది.

అనంతపురం వేసవిలో గది వేడి 40 డిగ్రీలు దాటుతుంది. ఫ్యాను గది గాలితోనే చల్లార్చాలి కనుక, 25 డిగ్రీల గదిలో 70 దగ్గర నడిచే చిప్పు 42 డిగ్రీల గదిలో దాదాపు 87కు చేరుతుంది. కుట్టు మిషన్ల పక్కనే కంప్యూటర్ ఉన్నచోట నూలు పీచు హీట్‌సింక్ రెక్కల మధ్య గుడ్డలా పేరుకుపోతుంది. కొత్త కార్డు వేసేముందు బ్లోయరు కొట్టించి, ప్రాసెసర్ మీద పేస్టు మార్చాలి. వేడికి జంకి వేగం తగ్గించుకున్న ప్రాసెసర్ ఒక్కోసారి ఆ పనితోనే మళ్లీ తేరుకుంటుంది, కార్డు అవసరం అక్కడితో తీరిపోతుంది.

వీడియో మిక్సింగ్‌లో

పెళ్లి వీడియోలకు తెలుగు స్టూడియోల్లో ఎడియస్ వాడకం బాగా ఎక్కువ. ఈ సాఫ్ట్‌వేర్ చాలావరకు ప్రాసెసర్ మీదే ఆధారపడుతుంది. హెచ్.264 వీడియో బయటికి తీసేటప్పుడు ఇంటెల్ ప్రాసెసర్‌లోనే ఇమిడి ఉన్న క్విక్ సింక్‌ను వాడుకుంటుంది. క్విక్ సింక్ 2011లో రెండో తరం కోర్ ప్రాసెసర్లతో వచ్చింది, కాబట్టి ఐ5-2400లోనూ ఉంది. అయితే విడిగా కార్డు వేయగానే చాలా బోర్డులు లోపలి గ్రాఫిక్స్‌ను ఆపేస్తాయి. దాంతో క్విక్ సింక్ కనిపించకుండా పోతుంది. కార్డు వేశాక ఎక్స్‌పోర్ట్ ఇంకా ఆలస్యమవుతోందంటే ముందుగా అనుమానించాల్సింది దీన్నే. బోర్డు అనుమతిస్తే బయోస్‌లో లోపలి గ్రాఫిక్స్‌ను మళ్లీ ఆన్ చేసి రెండింటినీ కలిపి నడపవచ్చు.

ప్రీమియర్, డావిన్సీ రిజాల్వ్ వాడేవాళ్ల సంగతి వేరు. రంగుల దిద్దుబాటు, ఎఫెక్టులు వీటిలో కార్డు మీదికి పోతాయి, డావిన్సీలో మరీ ఎక్కువ. పాత ప్రాసెసర్లలోని క్విక్ సింక్‌కు హెచ్.265 చేతకాదు. 8 బిట్ రకం 2015 నాటి ఆరో తరంలో, 10 బిట్ రకం ఏడో తరంలో వచ్చాయి. 1050 టీఐ ఆ కొరత తీర్చి, మామూలు 4:2:0 హెచ్.265 వీడియోను సాఫీగా ఆడిస్తుంది. సోనీ ఏ7 ఎస్ 3 వంటి కెమెరాలు ఇచ్చే 4:2:2 హెచ్.265 వీడియో మాత్రం దానికీ అందదు. ఇంకో మెలిక: జీటీ 1030లోనూ, ఆర్‌ఎక్స్ 6400, 6500 ఎక్స్‌టీలలోనూ వీడియోను కుదించే ఎన్‌కోడర్ అసలు లేదు. స్టూడియోకు అవి పనికిరావు.

ఫోటోషాప్‌లో ఆల్బమ్ పేజీలు, కోరల్‌డ్రాలో ఫ్లెక్సీలు చేసేవాళ్లకు ర్యామ్ 16 జీబీకి పెంచి, హార్డ్ డిస్క్ స్థానంలో ఎస్ఎస్‌డీ పెట్టడం కార్డు కంటే ఎన్నో రెట్లు మేలు. జీటీ 710 వంటి చిన్న కార్డు వాళ్లకు చాలావరకు అదనపు మానిటర్ తగిలించడానికే ఉపయోగం.

ఎంపిక

ఇంటెల్ కోర్ రెండు నుంచి నాలుగో తరం ఐ5, ఐ7లకు 75 వాట్ల లోపు కార్డులే సహజమైన జత. వాటిలోనూ 2019లో వచ్చిన జీటీఎక్స్ 1650, ఆరు పిన్నుల తీగ అడగని రకం దొరికితే, ముందు వరసలో ఉంటుంది. 1050 టీఐ తరానికి ఎన్విడియా 2025 అక్టోబరుతో మామూలు డ్రైవర్లు ఆపేసి, 2028 అక్టోబరు వరకు భద్రతా సవరణలే ఇస్తానని ప్రకటించింది. 1650కి డ్రైవర్లు ఇంకా వస్తున్నాయి. రెండు కోర్ల ఐ3లకు, వాటికంటే ముందటి కోర్ 2 డుయోలకు కార్డు మీద పెట్టే డబ్బు వృథా. బోర్డు మరీ పాతదై, యూఈఎఫ్ఐ లేని బయోస్‌తో ఉంటే కొన్ని కొత్త కార్డులు తెరమీద బొమ్మే చూపించవు. కనుక బెంగళూరు బస్సెక్కేముందు బోర్డు మోడల్ నంబరు, బయోస్ వెర్షన్, ఎస్ఎంపీఎస్ మీది వాట్లు, పెట్టెలో కార్డుకున్న జాగా కొలత కాగితం మీద రాసుకుని పోవాలి.