మారని 19 అంగుళాలు

ఫ్యాక్టరీ కంట్రోల్ రూములోకి వెళ్లి కంప్యూటర్ ఏదని అడిగితే అందరూ బల్ల మీది తెరనే చూపిస్తారు. అసలు కంప్యూటర్ అక్కడ ఉండదు. వెనక గదిలో, ఏసీ హోరులో, నిలువెత్తు ఇనుప ర్యాకులో ఉంటుంది. మందపాటి రేకు పెట్టె, ముందు తాళం ఉన్న చిన్న తలుపు, రెండు పక్కలా చెవుల్లాంటి పట్టీలు, వాటికి స్క్రూలు. ముందు పలక వెడల్పు 19 అంగుళాలు. పెట్టె తైవాన్‌లో తయారైనా, జర్మనీలో తయారైనా, హైదరాబాద్‌లో బిగించినా ఆ కొలత మారదు.

ఈ కొలత కంప్యూటర్ కోసం పుట్టింది కాదు. అమెరికాలో టెలిఫోన్ మాట దూరాలకు వెళ్లే కొద్దీ సన్నబడిపోయేది. దాన్ని దారిలో మళ్లీ పెంచడానికి రిపీటర్లు పెట్టడం మొదలుపెట్టారు. మొదట్లో వాటికి ఒక పద్ధతంటూ లేదు. కొన్ని చెక్కపెట్టెల్లో, కొన్ని అరల మీద, జాగా దొరికిన చోటల్లా పెట్టేశారు. లైన్లు పెరిగాయి, ఎక్స్ఛేంజీలు ఇరుకైపోయాయి. 1922 ప్రాంతంలో ఏటీ అండ్ టీ ఇంజనీర్లు కూర్చుని ఒక కట్టుబాటు పెట్టారు: పరికరం ఏదైనా ఒకే వెడల్పు పలక మీద బిగించాలి, ఎత్తు మాత్రం ఒకటి ముప్పావు అంగుళానికి ఇన్ని రెట్లని లెక్కగా ఉండాలి. ఆ ఒకటి ముప్పావు అంగుళమే ఈనాటి 1యూ, అంటే 44.45 మిల్లీమీటర్లు. ఫ్యాక్టరీల్లో ఎక్కువగా కనిపించే 4యూ పెట్టెకు ర్యాకులో పట్టే ఎత్తు ఏడు అంగుళాలు.

దీన్ని జాగా పొదుపు కథగానే చెబుతుంటారు. నాకైతే రిపేరు కథ అనిపిస్తుంది. చెడిన పలకను నాలుగు స్క్రూలు విప్పి తీసి, మంచిదాన్ని అదే చోట బిగించి వెళ్లిపోవచ్చు. పక్క పలకల జోలికి వెళ్లక్కర్లేదు. ఆ తర్వాత ఫ్యాక్టరీ కంప్యూటర్లో వచ్చిన మార్పులు చాలావరకు ఈ ఒక్క అవసరం చుట్టూనే తిరిగాయి.

ప్లాంటును నడపడానికి కంప్యూటర్‌ను పెట్టిన తొలి ప్రయత్నాల్లో పేరున్నది టెక్సాస్‌లోని పోర్ట్ ఆర్థర్‌లో జరిగింది. 1959 మార్చిలో టెక్సకో రిఫైనరీలోని ఒక పాలిమరైజేషన్ యూనిట్‌కు ఆర్‌డబ్ల్యూ-300 అనే యంత్రాన్ని తగిలించారు. అది 26 ప్రవాహాలనూ 72 ఉష్ణోగ్రతలనూ చూసుకునేది. ఆ తరం యంత్రాలు ఒక కూడికకు మిల్లీసెకను, గుణకారానికి 20 మిల్లీసెకన్లు తీసుకునేవి. ఆ నెమ్మదిని ప్లాంటు భరించగలదు, నూనె అంత తొందరగా మరగదు కాబట్టి. భరించలేనిది వేరే ఉంది. వాటి ప్రధాన భాగం సగటున 50 నుంచి 100 గంటలకోసారి మొరాయించేది. అంటే రెండు మూడు రోజులకో, మహా అయితే నాలుగు రోజులకో ఒకసారి. అందుకే పాత కంట్రోలర్లను తీసేయకుండా కింద అలాగే ఉంచి, పైనుంచి వాటికి సూచనలిచ్చే పనే కంప్యూటర్‌కు అప్పగించారు.

1962లో ఇంగ్లండ్‌లోని ఫ్లీట్‌వుడ్‌లో ఐసీఐ సోడా యాష్ కర్మాగారం ఇంకో అడుగు ముందుకేసింది. పాత కంట్రోలర్లను పీకేసి ఫెరాంటి ఆర్గస్ కంప్యూటర్‌ను నేరుగా వాల్వుల మీదే కూర్చోబెట్టింది. అది 224 కొలతలు తీసుకుని 129 వాల్వులను తిప్పేది. ఆర్గస్ అసలు బ్లడ్‌హౌండ్ క్షిపణుల కోసం మొదలైన యంత్రం. దాన్ని కాన్ఫిగర్ చేసే తీరు చూస్తే ముచ్చటేస్తుంది. చిల్లుల పలకల్లో చిన్న చిన్న ఫెర్రైట్ మేకులు చేత్తో గుచ్చాలి. ఏ చిల్లులో మేకు ఉంది, ఏ చిల్లు ఖాళీగా ఉంది అన్నదే ప్రోగ్రాం. కరెంటు పోయినా చెరగదు, పొరపాటున తుడిచేద్దామన్నా కుదరదు.

మన దగ్గర ఈ కథ హైదరాబాద్‌లో మొదలవుతుంది. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన ఎ.ఎస్. రావు సారథ్యంలో 1967లో ఈసీఐఎల్ అనే ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ వచ్చింది. ముంబైలోని ట్రాంబేలో రూపుదిద్దుకున్న 12 బిట్ల కంప్యూటర్ టీడీసీ-12, ఆ తర్వాత 1970లలో టీడీసీ-312, టీడీసీ-316 దాని పేరు మీదే బయటికొచ్చాయి. సిటీ బస్సు బోర్డు మీద ఈసీఐఎల్ అని చదివి ఎక్కేవాళ్లలో, ఆ మూడక్షరాల టీడీసీ ఎంతమందికి తెలుసో మరి.

1981లో ఐబీఎం పీసీ రావడంతో బేరం తారుమారైంది. అంత చవకైన యంత్రం ప్లాంటులోనూ కావాలని అందరూ అడిగారు. కానీ ఇంటి పీసీ సిమెంటు దుమ్ముకూ మోటార్ల అదురుకూ ఎన్నాళ్లు నిలుస్తుంది? 1984లో ఐబీఎమ్మే 5531 పేరుతో ఫ్యాక్టరీల కోసం గట్టి పీసీ తెచ్చింది. తర్వాత తైవాన్ కంపెనీలు ఈ మార్కెట్‌ను చేజిక్కించుకున్నాయి. 1983లో మొదలైన అడ్వాంటెక్ వాటిలో ముందు వరస. దాని 4యూ పెట్టె ఐపీసీ-610 తెలియని ఆటోమేషన్ మెకానిక్ అరుదు.

ఆ పెట్టె మూత తీస్తే ఇంటి పీసీకీ దీనికీ తేడా కళ్లకు కడుతుంది. ఇంటి పీసీలో అడుగున మదర్‌బోర్డు ఉంటుంది. అది పోతే మొత్తం విప్పాల్సిందే. ఇక్కడ అడుగున ఉన్నది వరసగా స్లాట్లూ రాగి గీతలూ తప్ప బుర్రలేని బోర్డు. ప్రాసెసర్, మెమరీ అన్నీ నిలువుగా దిగిన ఒక కార్డు మీదే ఉంటాయి. చెడితే ఆ ఒక్క కార్డు పీకి కొత్తది దింపడం నిమిషాల పని. వేర్వేరు కంపెనీల కార్డులు ఒకే బోర్డు మీద కూర్చునేలా 1994లో పీఐసీఎంజీ అనే సంఘం ఏర్పడి ప్రమాణం కూడా రాసింది. కార్డుల నెత్తిన అడ్డంగా ఒక ఇనుప పట్టీ, దానికి రబ్బరు ముక్కలు ఉంటాయి. అదురుకు కార్డు పైకి లేవకుండా అదిమిపెట్టడానికి అవి. మూత వేసే తొందరలో దీన్ని బిగించకుండా వదిలేసేవాళ్లు ఉంటారు. కొన్నాళ్లకు కార్డు అంచు మీది బంగారు పూత అరిగి, కారణం అంతుపట్టని తప్పులు మొదలవుతాయి.

సర్వీసు పని మొదలయ్యేది పెట్టె దగ్గర కాదు, ప్రొడక్షన్ వాళ్ల దగ్గర. షట్‌డౌన్ ఎప్పుడిస్తారో తేలాలి. ఇచ్చాక కేబుళ్లకు గుర్తులు కట్టి, మణికట్టుకు ఎర్తింగ్ పట్టీ వేసుకుని, పెట్టెను బయటికి లాగుతారు. ముందు తలుపు వెనక స్పాంజి ఫిల్టర్ తీసి దులుపుతారు. సగం వేడి జబ్బులు అక్కడే తీరిపోతాయి. ఫ్యాను తిరిగేటప్పుడు గరగరమంటే ఇంకా తిరుగుతోంది కదా అని ఊరుకోరు, మార్చేస్తారు.

చాలామందికి చెమటలు పట్టించేది మాత్రం బిళ్లంత బ్యాటరీ, సీఆర్2032. మూడు వోల్టులది. అది అయిపోయి, అదే సమయంలో కరెంటూ పోతే, కంప్యూటర్‌ను లేపే ప్రోగ్రాం బయోస్ తన సెట్టింగులన్నీ మరిచిపోతుంది. ప్లాంటు కంప్యూటర్‌కు చాలాచోట్ల కీబోర్డు ఉండదు. పాత బయోస్ ఊరుకుంటుందా? కీబోర్డు లేదని ఫిర్యాదు చేసి, కొనసాగాలంటే ఎఫ్1 నొక్కమంటుంది! అర్ధరాత్రి షిఫ్టులో ఆ వాక్యం చూసి నవ్వాలో ఏడవాలో తెలియదు. అందుకే తెలిసినవాళ్లు బ్యాటరీ మార్చిన వెంటనే, తప్పు దొరికినా ఆగకుండా సాగిపొమ్మనే సెట్టింగు పెడతారు. కరెంటు తిరిగి రాగానే దానంతటదే లేచేలా ఇంకొకటి పెడతారు.

వాచ్‌డాగ్ టైమరు సంగతీ చెప్పాలి. ప్రోగ్రాం బతికే ఉన్నానని ఈ టైమరుకు క్రమం తప్పకుండా కబురు పంపుతుండాలి. కబురు ఆగితే అది కంప్యూటర్‌ను బలవంతంగా రీస్టార్ట్ చేస్తుంది. మనిషి కాపలా లేనిచోట ఇది దేవుడే. కానీ దాన్ని ఆపడం మరిచి ప్రోగ్రాం ఒక్కటే మూసి బ్యాకప్ తీయబోతే, కాపీ సగంలో ఉండగా యంత్రం రీస్టార్ట్ అయిపోతుంది.

పాత పీసీల ఐఎస్‌ఏ స్లాట్లలో దిగే కార్డులకు జంపర్లుంటాయి. రెండు పిన్నులను కలిపే గోరంత ప్లాస్టిక్ తొడుగులు. కార్డు అడ్రసు 300 హెక్సా, ఇంటరప్ట్ 5 అని వాటితోనే చెప్పాలి. రెండు కార్డులకు ఒకే అడ్రసు పడితే రెండూ పనిచేయవు. కార్డు తీసేముందు జంపర్ల ఫొటో తీసుకోవడం ఇప్పుడు అలవాటైంది. సెల్‌ఫోన్లు లేనప్పుడు కాగితం మీద బొమ్మ గీసుకునేవారు. ఆర్గస్ మేకులకు ఈ జంపర్లు వారసులే అనాలి.

ఇళ్లలో కంప్యూటర్ నాలుగైదేళ్లకు పాతబడుతుంది. ప్లాంటులో దాని ఆయుష్షు అది నడిపే యంత్రంతో ముడిపడి ఉంటుంది. విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8న ఆగిపోయింది. చాలా ప్లాంట్లు దాన్ని మార్చకుండా నెట్‌వర్క్ తీగ పీకేసి నడుపుకున్నాయి. హార్డ్ డిస్కు మాత్రం అంతకాలం ఆగదు కాబట్టి దాని చోట ఫ్లాష్ కార్డు పెట్టి, మొత్తం డిస్కుకు నకలు తీసి ప్లాంటులో ఒకటి, స్టోర్లో ఒకటి ఉంచుతారు. ఆ నకలు నుంచి యంత్రం నిజంగా లేస్తుందా అని షట్‌డౌన్ ఉండగానే ఒకసారి చూసుకుంటారు. ఇళ్లలోంచి ఎప్పుడో మాయమైన ఐఎస్‌ఏ స్లాటుతో మదర్‌బోర్డులు ఇప్పటికీ కొత్తగా తయారై అమ్ముడవుతున్నాయి. కొనేవాళ్లు వేగం అడగరు. మా పాత కార్డు ఇందులో పనిచేస్తుందా, సరుకు ఎన్నాళ్లు దొరుకుతుంది అని అడుగుతారు.