మెడిగ్యాప్: వెలితికి కట్టిన వెల

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో 65 ఏళ్లు నిండినవారి కోసం ఏర్పడిన మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా వైద్యఖర్చు మొత్తాన్ని భరించదు. భరించకూడదన్నది 1965లో ఆ చట్టాన్ని రూపొందించినవారు తెలిసి తీసుకున్న నిర్ణయం. ఆ చట్టం మిగిల్చిన వెలితిని పూడ్చడానికి ప్రైవేటు కంపెనీలు అమ్మే అనుబంధ పాలసీని అక్కడి వ్యవహారంలో మెడిగ్యాప్ అంటారు. పాలసీలో ఏముండాలన్న చిక్కును శాసనకర్తలు ఈ అరవై ఏళ్లలో చాలావరకు విప్పగలిగారు గాని, దానికి ఎవరు, ఏ వయసులో, ఎంత కట్టాలన్న చిక్కును ఎక్కువ రాష్ట్రాలలో కొనేవారి నెత్తినే వదిలేశారు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన 1945లోనే అధ్యక్షుడు హారీ ట్రూమన్ ప్రజలందరికీ వర్తించే ఆరోగ్య బీమాను ప్రతిపాదించగా, అమెరికన్ మెడికల్ అసోసియేషన్ అనే వైద్యుల సంఘం అది సోషలిస్టు వైద్యమని నిందించి అడ్డుకుంది. అందరికీ కుదరనిది వృద్ధులకైనా కుదర్చవచ్చునన్న ఆలోచన 1950ల చివరికి బలపడింది. ఉద్యోగంతో వచ్చిన బీమా సాధారణంగా ఉద్యోగంతోనే పోయేది కనుక, వృద్ధులలో దాదాపు సగం మందికి ఆసుపత్రి బీమా ఏదీ ఉండేది కాదు. 1961లో అదే వైద్యుల సంఘం, అప్పటికింకా సినిమా, టెలివిజన్ నటుడిగానే పేరున్న రొనాల్డ్ రీగన్ చేత ఈ ఆలోచనకు వ్యతిరేకంగా ఒక గ్రామఫోన్ రికార్డు చేయించి, వైద్యుల భార్యలు ఇళ్లలో ఏర్పాటు చేసే కాఫీ సమావేశాలలో వినిపించింది. 1964 ఎన్నికలలో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఘనవిజయంతో గాలి మళ్లింది. ప్రతినిధుల సభలో పన్నుల వ్యవహారాలు చూసే వేస్ అండ్ మీన్స్ కమిటీకి అధ్యక్షుడైన విల్బర్ మిల్స్, పోటీపడుతున్న మూడు ప్రతిపాదనలను ఒకదానిపై ఒకటి పేర్చి, ఆసుపత్రి ఖర్చుకు పార్ట్ ఎ, వైద్యుల రుసుముకు పార్ట్ బి, పేదలకు మెడికెయిడ్ అని ఒకే చట్టంగా మలిచారు. 1965 జూలై 30న మిస్సోరీలోని ఇండిపెండెన్స్ పట్టణంలో జాన్సన్ దానిపై సంతకం చేసి, తొలి కార్డును ట్రూమన్‌కే అందజేశారు.

వెలితి ఎక్కడ పుట్టిందో తెలియాలంటే పార్ట్ బి పుట్టుకను చూడాలి. దాని నమూనా రిపబ్లికన్ సభ్యుడైన జాన్ బర్న్స్ ప్రతిపాదన నుంచి వచ్చింది. ఆయన ఆదర్శంగా తీసుకున్నది ఫెడరల్ ఉద్యోగులకు ఎట్నా కంపెనీ నడుపుతున్న పాలసీని. రోగి తన చేతి నుంచి కొంత పెట్టుకుంటేనే అనవసరపు వైద్యానికి పోడన్నది నాటి బీమా లోకంలో స్థిరపడిన నమ్మకం. అందువల్ల డిడక్టిబుల్, అంటే బీమా చెల్లింపు మొదలయ్యేలోపు రోగి స్వయంగా కట్టవలసిన తొలి మొత్తం, కోఇన్సూరెన్స్, అంటే ఆపైన ప్రతి బిల్లులోనూ రోగికి మిగిలే వాటా, రెండూ చట్టంలో చేరాయి. 1966 జూలై 1న పథకం అమలులోకి వచ్చేనాటికి పార్ట్ బి ప్రీమియం నెలకు 3 డాలర్లు, దాని డిడక్టిబుల్ ఏడాదికి 50 డాలర్లు, ఆపైన రోగి వాటా 20 శాతం. ఆసుపత్రిలో చేరితే మొదట కట్టవలసింది 40 డాలర్లు. అంకెలు చిన్నవే అయినా ఆ 20 శాతానికి పైహద్దు అంటూ ఏదీ పెట్టలేదు, మౌలిక మెడికేర్‌లో ఈనాటికీ లేదు. 50 డాలర్ల బిల్లుకు 10 డాలర్లు కట్టడం ఒక ఎత్తు, లక్ష డాలర్ల క్యాన్సర్ చికిత్సకు 20 వేలు కట్టడం మరో ఎత్తు. అనుబంధ బీమా వ్యాపారమంతా ఈ రెండింటి మధ్య దూరం మీద నిలబడింది.

వృద్ధులకు బీమా అమ్మవచ్చునన్న సంగతి అప్పటికే రుజువై ఉంది. ఎథెల్ పెర్సీ ఆండ్రస్ అనే విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలు 1947లో విశ్రాంత ఉపాధ్యాయుల జాతీయ సంఘాన్ని స్థాపించి, వారికి సామూహిక ఆరోగ్య బీమా కోసం ఎన్నో కంపెనీల తలుపులు తట్టి, చివరకు లెనార్డ్ డేవిస్ అనే బీమా ఏజెంటు తోడ్పాటుతో 1950ల మధ్యకాలానికి దానిని సాధించగలిగారు. ఉపాధ్యాయులు కానివారు కూడా తమను చేర్చుకోమని అడగడంతో 1958లో ఆమె ఏఏఆర్‌పీ అనే విశ్రాంతుల సంఘాన్ని నెలకొల్పారు. ఆ సంఘం పేరుతో అమ్ముడయ్యే అనుబంధ పాలసీలు నేటికీ ఈ విపణిలో పెద్ద భాగం. వృద్ధుల తరఫున వాదించే సంస్థకే వృద్ధులకు అమ్మే పాలసీల నుంచి రాబడి రావడం గురించి విమర్శ అప్పటి నుంచి ఇప్పటిదాకా ఆగలేదు, అది ఆగవలసినది కూడా కాదు.

1970లలో ఈ వ్యాపారం అదుపు తప్పింది. ప్రతి కంపెనీ తనకు తోచిన రీతిలో పాలసీ రాసేది కనుక రెండింటిని పక్కపక్కన పెట్టి పోల్చడం మామూలు మనిషికి అసాధ్యం. మెడికేర్ చాలదన్న భయాన్నే పెట్టుబడిగా చేసుకున్న ఏజెంట్లు ఒకే వృద్ధురాలికి ఐదారు పాలసీలు, వాటి మీద క్యాన్సర్‌కు మాత్రమే పనికివచ్చే పాలసీ ఒకటి అంటగట్టిన ఉదంతాలు, 1978లో క్లాడ్ పెప్పర్ అధ్యక్షతన ప్రతినిధుల సభ వృద్ధుల సమస్యల కమిటీ జరిపిన విచారణలలో బయటపడ్డాయి. ఒక ఖర్చును ఒక పాలసీ భర్తీ చేశాక రెండోది చాలా సందర్భాలలో ఏమీ చెల్లించదు. ప్రీమియం మాత్రం రెండింటికీ కట్టవలసిందే. 1980లో సెనేటర్ మాక్స్ బాకస్ పేరుతో వచ్చిన సవరణ దీనికి తొలి కట్టడి. వసూలైన ప్రీమియంలో ఎంత భాగం క్లెయిముల రూపంలో తిరిగి పాలసీదారులకు చేరిందో తెలిపే నిష్పత్తిని లాస్ రేషియో అంటారు. అది వ్యక్తిగత పాలసీలకు 60 శాతం, సామూహిక పాలసీలకు 75 శాతం ఉండాలని ఆ సవరణ ఆశించింది. ఆశించడమే ఎక్కువ, బలవంతం తక్కువ. పాలసీల రూపం ఎప్పటిలాగే తలా ఒక తీరుగా ఉండిపోయింది.

వెలితిని ప్రభుత్వమే పూడ్చబోయిన సందర్భం ఒకటి ఉంది. 1988 జూలై 1న సంతకమైన మెడికేర్ క్యాటస్ట్రాఫిక్ కవరేజ్ చట్టం ఆసుపత్రి ఖర్చుకూ, పార్ట్ బి వాటాకూ పైహద్దు పెట్టి, మందుల ఖర్చును కూడా దశలవారీగా చేర్చదలచింది. 1961లో వ్యతిరేకంగా రికార్డు చేసిన రీగనే అధ్యక్షుడి హోదాలో దీనిపై సంతకం చేయడం చరిత్ర ఆడిన చిన్న పరిహాసం. అయితే ఖర్చంతా వృద్ధులే భరించాలన్న షరతు ఉంది; పార్ట్ బి ప్రీమియం పెంపు చాలక, ఆదాయపు పన్ను కట్టేవారిపై 1989కి మనిషికి 800 డాలర్ల దాకా అదనపు పన్ను వేశారు. ఈ పన్ను బరువు ఎక్కువగా పడినవారిలో చాలామందికి పాత యజమానులిచ్చిన విశ్రాంత బీమా అప్పటికే ఉండడం వల్ల, ఉన్నదానికే మళ్లీ డబ్బు కడుతున్నామన్న కోపం వారిలో రగిలింది. 1989 ఆగస్టు 17న షికాగోలో వేస్ అండ్ మీన్స్ కమిటీ నాటి అధ్యక్షుడు డాన్ రాస్టెన్‌కోస్కీ కారును వృద్ధులు చుట్టుముట్టి, చేతిలోని అట్టలతో బాదుతూ కదలనీయకపోగా, ఆయన కారు దిగి పరుగుతీయవలసి వచ్చిన దృశ్యాన్ని దేశమంతా టెలివిజన్‌లో చూసింది. ఏడాది ముగియకముందే కాంగ్రెస్ ఆ చట్టాన్ని రద్దు చేసింది. యజమాని బీమా ఉన్నవారి నిరసన, అది లేనివారికి దక్కబోయిన రక్షణను కూడా తుడిచిపెట్టిందన్నది గమనించదగ్గ విషయం. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే, విశ్రాంతుల బీమా భారాన్ని కంపెనీలు ముందుగానే లెక్కల్లో చూపాలన్న కొత్త అకౌంటింగ్ నియమం వచ్చి, అనేక సంస్థలు ఆ సదుపాయాన్ని కుదించుకున్నాయి.

ప్రభుత్వం తానే పూడ్చలేకపోయిన ఖాళీని పూడ్చే సరుకునైనా క్రమబద్ధం చేయాలన్న పట్టుదల 1990 బడ్జెట్ చట్టంలో కనిపిస్తుంది. 1992 వేసవి నుంచి కంపెనీలు ఎ నుంచి జె దాకా పది ప్రామాణిక ప్లాన్లు మాత్రమే అమ్మాలి. ఒక అక్షరం కింద ఏ కంపెనీ అమ్మినా లోపలి ప్రయోజనాలు ఒకటిగానే ఉండాలి. అంతకుముందే సొంత పద్ధతి ఉన్న మసాచుసెట్స్, మిన్నెసోటా, విస్కాన్సిన్ రాష్ట్రాలకు మినహాయింపు దొరికింది. ఒకటి ఉండగా రెండో మెడిగ్యాప్ అమ్మడం నేరమైంది, వ్యక్తిగత పాలసీల లాస్ రేషియో 65 శాతానికి పెరిగింది, కమిషన్ తీసుకోని సలహాదారులు ఉచితంగా సాయపడేలా రాష్ట్రాలకు నిధులు అందాయి. మెడికేర్ భాగాలకూ అక్షరాలే, అనుబంధ ప్లాన్లకూ అక్షరాలే కావడంతో పార్ట్ ఎ వేరు, ప్లాన్ ఎ వేరు అని విడమరచి చెప్పడంలో ఆ సలహాదారుల సమయం కొంత ఖర్చయ్యేదేమో. పేర్లు పెట్టినవారికి అక్షరమాలలో చివరి అక్షరాలు ఎందుకు గుర్తుకు రాలేదో తెలియదు.

ఆ చట్టంలో అన్నిటికన్నా విలువైన నిబంధన ఆరు నెలల గడువు. 65 ఏళ్లు నిండి, పార్ట్ బిలో చేరిన నెల నుంచి ఆరు నెలలపాటు ఏ కంపెనీ కూడా పాత జబ్బుల పేరుతో పాలసీ నిరాకరించరాదు, ధర పెంచరాదు. గడువు దాటితే, కొన్ని ప్రత్యేక సందర్భాలలో తప్ప, చాలా రాష్ట్రాలలో కంపెనీ వైద్య చరిత్రను అడిగి కాదనవచ్చు. న్యూయార్క్, కనెక్టికట్ రాష్ట్రాలు ఏడాది పొడవునా తలుపు తెరిచే ఉంచాయి. కాలిఫోర్నియా, ఓరెగన్ వంటివి పాలసీదారు పుట్టినరోజు సమయంలో సమానమైన లేదా తక్కువ ప్రయోజనాలున్న ప్లాన్‌కు మారే హక్కునిచ్చాయి.

సరుకు ఒకటైనా ధర ఒకటి కాలేదు. ఒకే ఊళ్లో ఒకే అక్షరానికి కంపెనీని బట్టి ప్రీమియం ఎంతో తేడాగా ఉంటుంది. దీనికి మూలం ధర కట్టే పద్ధతులలో ఉంది. మొదటిదానిలో వయసుతో నిమిత్తం లేకుండా అందరికీ ఒకే ధర. రెండోదానిలో కొన్ననాటి వయసు ధరను నిర్ణయిస్తుంది, తర్వాత వయసు పేరుతో పెరగదు. మూడోదానిలో వయసు పెరిగేకొద్దీ ప్రీమియం కూడా పెరుగుతుంది. వైద్యఖర్చుల పెరుగుదల భారం మూడింటిలోనూ పడుతుంది కనుక పెరగని ప్రీమియం అంటూ ఏదీ లేదు. మూడో పద్ధతి పాలసీ 65వ ఏట అన్నిటికన్నా చవకగా కనిపించి, ఆదాయం తగ్గి అనారోగ్యం పెరిగే 80వ ఏట అన్నిటికన్నా భారంగా మారే అవకాశం ఉంది. మారదామంటే అప్పటికి వైద్య చరిత్ర అడ్డువస్తుంది. ఇందులోనే మరో కిటుకు ఉంది. కంపెనీ ఒక పాలసీని కొత్తవారికి అమ్మడం ఆపేసి, మరో అనుబంధ సంస్థ పేరుతో అదే ప్లాన్‌ను తక్కువ ధరకు మొదలుపెడితే, ఆరోగ్యవంతులు కొత్తదానికి మారిపోయి, పాతదానిలో జబ్బుపడినవారే మిగిలి, వారి క్లెయిములతో ప్రీమియం ఏటేటా ఎగబాకుతుంది. అందువల్ల నేటి ధరకన్నా ఆ కంపెనీ గత పదేళ్లలో ప్రీమియం ఎలా పెంచిందన్నది అడగడం మేలని అనుభవజ్ఞులైన సలహాదారులు చెప్పేది.

తర్వాతి సవరణలలో మందుల బీమా పార్ట్ డి పేరుతో 2006లో వేరుపడింది, 2010లో కొన్ని అక్షరాలు పోయి ఎం, ఎన్ వచ్చాయి. చెప్పుకోదగ్గ మార్పు ప్లాన్ ఎఫ్‌ది. రోగి చేతి నుంచి దాదాపు పైసా కూడా పడనివ్వని ఆ ప్లాన్ అన్నిటికన్నా ఎక్కువ మంది కొన్నది. రోగికి ఖర్చు తెలియకపోతే మెడికేర్‌పై భారం పెరుగుతుందన్న 1965 నాటి వాదమే మళ్లీ గెలిచి, 2015 చట్టం ప్రకారం, 2020 జనవరి 1 నుంచి మెడికేర్‌కు కొత్తగా అర్హులయ్యేవారికి ఎఫ్, సి అమ్మకం ఆగిపోయింది. ఎఫ్ స్థానాన్ని జి ఆక్రమించింది. రెండింటికీ తేడా పార్ట్ బి డిడక్టిబుల్ ఒక్కటే, 2025లో అది 257 డాలర్లు. కనుక ఎఫ్ ప్రీమియం జి కన్నా ఏడాదికి అంతకుమించి ఉంటే అది నష్టపు బేరం. ఎన్‌లో ప్రీమియం ఇంకా తక్కువ, కాని డాక్టరును చూసినప్పుడు 20 డాలర్ల దాకా, అత్యవసర విభాగానికి వెళ్లి చేరకుండా తిరిగివస్తే 50 డాలర్ల దాకా కట్టుకోవాలి. ఇవేవీ వద్దనుకున్నవారు ప్రైవేటు కంపెనీలు మెడికేర్‌కు బదులుగా నడిపే అడ్వాంటేజ్ ప్లాన్ల వైపు మళ్లారు. అదనపు ప్రీమియం చాలా వాటిలో సున్నా, కాని నిర్ణీత వైద్యుల జాబితా, ముందస్తు అనుమతులు ఉంటాయి. 2023 నాటికి అర్హులలో సగానికి పైగా వాటిలోనే ఉన్నారు. తొలిసారి చేరినవారు పన్నెండు నెలలలోపు మెడిగ్యాప్‌కు వెనక్కి రావచ్చు. ఆపైన రావాలంటే ఎక్కువ రాష్ట్రాలలో వైద్య చరిత్రే అడ్డుగోడ.

ఈ చరిత్రకు తెలుగువారితో ఉన్న ముడి కూడా 1965లోనే పడింది. మెడికేర్‌పై సంతకమైన రెండు నెలలకు, అక్టోబరు 3న, ఆసియా వలసలకు దారి తెరిచిన వలస చట్టం వచ్చింది. మెడికేర్ వల్ల పెరిగిన ఆసుపత్రి అవసరాలకు చాలినంత మంది వైద్యులు లేని ఆ దేశానికి గుంటూరు, ఉస్మానియా, ఆంధ్ర వైద్య కళాశాలల పట్టభద్రులు కూడా వెళ్లారు. ఒకప్పుడు మెడికేర్ రోగులను చూసిన ఆ తరం ఇప్పుడు మెడికేర్ కార్డుదారులు. పిల్లల దగ్గరికి గ్రీన్ కార్డు మీద వెళ్లిన తల్లిదండ్రుల లెక్క వేరు: ఉద్యోగ చరిత్ర లేనివారు 65 ఏళ్లు నిండి, ఐదేళ్లు ఎడతెగక నివసించాకే మెడికేర్ కొనుక్కోగలరు, 2025లో పార్ట్ ఎకే నెలకు 518 డాలర్లు, పార్ట్ బికి 185. మెడిగ్యాప్‌కు ఈ రెండూ ఉండి తీరాలి. 72వ ఏట పార్ట్ బిలో తొలిసారి చేరినవారికి ఆరు నెలల గడువు అప్పుడే మొదలవుతుంది, కాని వయసుతో పెరిగే పద్ధతిలో ధర 72 ఏళ్లవారిదే పడుతుంది.

ఏటా చలికాలం హైదరాబాదులోనో విజయవాడలోనో గడిపే విశ్రాంతులకు అంతగా తెలియని నిబంధన మరొకటి ఉంది. మెడికేర్ సాధారణంగా దేశం దాటి వర్తించదు. జి, ఎన్ వంటి ప్లాన్లు మాత్రం విదేశాలలో అత్యవసర చికిత్సకు, 250 డాలర్ల డిడక్టిబుల్ పోను, ఖర్చులో 80 శాతం ఇస్తాయి. జీవితకాలానికి దీని పరిమితి 50,000 డాలర్లు. 1992లో ప్రామాణిక ప్లాన్లు వచ్చిననాటి ఆ అంకె నేటికీ మారలేదు. పైగా ప్రయాణం మొదలైన తొలి 60 రోజులలో వచ్చిన జబ్బుకే అది చెల్లుతుంది, సంక్రాంతికి వచ్చి ఉగాది దాకా ఉండిపోయేవారికి 61వ రోజు నుంచి ఆ పాలసీ కింద రక్షణ ఏదీ లేదు.