ధ్రువయాత్ర ఖర్చు ఎవరి ఖాతాలో

అంటార్కిటికా యాత్ర ధర విని గుండె గుభేలుమన్నవాళ్లు దూరాన్నీ చలినీ తప్పుపడతారు. నూట పాతికేళ్ల లెక్కలు తిరగేస్తే తప్పు వాటిది కాదనిపిస్తుంది. ఓడకయ్యే అసలు ఖర్చు ఎవరి నెత్తిన పడిందన్నదే ప్రతి కాలంలోనూ టికెట్టు ధరను తేల్చింది. చాలాకాలం పాటు యాత్రికుడు వేరే పనికి కట్టిన ఓడలో మిగిలిన చోటుకే డబ్బు కట్టాడు. మొదట ఆర్కిటిక్‌లో జరిగింది అదే. 1893లో రిచర్డ్ విత్ నార్వే తీరం వెంబడి ప్రభుత్వ సాయంతో టపా ఓడలు మొదలుపెట్టాడు. 1896 వేసవిలో ఆయన కంపెనీయే హామర్‌ఫెస్ట్ నుంచి స్పిట్స్‌బెర్గెన్ దాకా ఓడ నడిపి, అక్కడ చిన్న హోటల్ కూడా కట్టింది. బెలూన్‌లో ఉత్తర ధ్రువానికి ఎగరాలని డేన్స్ దీవిలో కాచుకుని కూర్చున్న ఆండ్రే శిబిరం ఆ ఏటి యాత్రికులకు పెద్ద వింత. గాలి అనుకూలించక ఆయన ఆ సంవత్సరం ఎగరనే లేదు.

దక్షిణాన ఓడ ఖర్చు మోసే పాత్ర అర్జెంటీనా ప్రభుత్వానిది. ఆ దేశపు ఓడల్లో 1958లోనే కొందరు యాత్రికులు అంటార్కిటికా చూసి వచ్చారు. 1966లో యాత్రా నిర్వాహకుడు లార్స్ ఎరిక్ లిండ్‌బ్లాడ్ 57 మందిని తీసుకెళ్లింది కూడా అర్జెంటీనా నౌకాదళం దగ్గర అద్దెకు తీసుకున్న లపటాయియా ఓడలోనే. అయితే మూడేళ్లకే, 1969లో, ఆయన ఇందుకోసమే లిండ్‌బ్లాడ్ ఎక్స్‌ప్లోరర్‌ను ఫిన్లాండ్‌లో కట్టించాడు కదా, నీ వాదం అక్కడే వీగిపోలేదా అని ఎవరైనా అడగవచ్చు. నిజానికి ఆ ఓడే నా వాదానికి గట్టి సాక్ష్యం. వంద మంది చిల్లర పట్టే ఓడ ఖర్చంతా వాళ్ల టికెట్ల మీదే రాబట్టాలి కాబట్టి, ఆ యాత్ర డబ్బున్నవాళ్లదిగానే ఉండిపోయింది. మరోవైపు ఇంకొకరి ఓడలో చోటు దొరికినప్పుడు ముప్పులోనూ వాటా వచ్చేది. స్థావరాలకు సరుకూ ఇంధనమూ మోస్తూ యాత్రికులను కూడా ఎక్కించుకున్న అర్జెంటీనా నౌక బహియా పరైసో 1989 జనవరిలో అంటార్కిటికాలోని పామర్ స్థావరం దగ్గర రాళ్లకు తగిలింది. మనుషులందరూ బయటపడ్డారు. సుమారు 6 లక్షల లీటర్ల చమురు మాత్రం సముద్రంలో కలిసింది.

అసలు మలుపు ఆ తర్వాత వచ్చింది, అదీ మాస్కో నుంచి. సోవియట్ సైన్స్ సంస్థలు మంచును తట్టుకునే పరిశోధన నౌకలను వరసగా కట్టించుకున్నాయి. వాటిలో అకడెమిక్ ఇయోఫె, అకడెమిక్ సెర్గెయ్ వావిలోవ్ అనే జంట నౌకలు సముద్రగర్భంలో శబ్దం ఎలా ప్రయాణిస్తుందో పరిశోధించడానికి కట్టినవి. దేశం కూలి జీతాలకే దిక్కులేని పరిస్థితి వచ్చినప్పుడు ఈ నౌకలు సిబ్బందితో సహా పాశ్చాత్య కంపెనీలకు అద్దెకు వెళ్లాయి. పెట్టుబడి ఎప్పుడో సోవియట్ ఖజానా పెట్టేసింది. యాత్రికుడి వంతుకు వచ్చింది నడిపే ఖర్చూ అద్దే. పరిశోధకుల కోసం కట్టిన గదుల్లో ఉపాధ్యాయులు, పింఛనుదారులు కూడా పడుకోగలిగారంటే కారణం అదే.  

ఇక నిబంధనల సంగతి. 1991లో ఏడు యాత్రా సంస్థలు కలిసి ఐఏఏటీవో అనే సంఘం పెట్టుకున్నాయి. దాని నిబంధనల ప్రకారం ఒక చోట ఒకేసారి 100 మందికి మించి ఒడ్డున ఉండకూడదు, 500 మందికి మించి యాత్రికులున్న ఓడ ఎవరినీ దించకూడదు. దిగేముందు జరిగే తంతు చూస్తే ఈ అంకెల బరువు తెలుస్తుంది. కోటు జేబులు తిరగేసి, వెల్క్రో పట్టీల్లో ఇరుక్కున్న గడ్డి గింజలను వాక్యూమ్ క్లీనర్‌తో లాగి, లొంగనివాటిని పట్టకారుతో ఏరాలి. బూట్లు మందునీళ్లలో ముంచాలి. ఆపైన పది మంది చొప్పున రబ్బరు పడవల్లో ఒడ్డుకు చేరాలి. ఓడలో 200 మంది ఉంటే ఎప్పుడూ సగంమంది తమ వంతు కోసం ఎదురుచూడాల్సిందే. పెద్ద ఓడలో చవగ్గా వెళ్లినా అదే మంచు కనిపిస్తుంది కదా అంటారు. కనిపిస్తుంది, కాదనను. కాళ్లు నేలకు ఆనకపోయినా ఫరవాలేదనుకునేవాళ్లకు అది మంచి బేరమే. కానీ రెండిటినీ ఒకే గాటన కట్టి ధర పోల్చడం మాత్రం తప్పు. చిన్న ఓడ అమ్మేది ఒడ్డు మీద గంటలు. కాబట్టి ఓడను ఎంచుకునేటప్పుడు గది వైశాల్యం కంటే ముందు అడగాల్సింది ఎంతమంది ఎక్కుతారని.

ఇప్పుడు ఆ పాత వాటాదారులు తప్పుకున్నారు. 2011 నుంచి దక్షిణ ధ్రువ జలాల్లో మడ్డి ఇంధనం నిషిద్ధం. 2017లో ధ్రువ జలాల్లో తిరిగే ఓడల భద్రతా నియమావళి పోలార్ కోడ్ అమల్లోకి వచ్చింది. ఇయోఫె, వావిలోవ్ 2019లో వెనక్కి వెళ్లిపోయాయి. వాటి చోట యాత్రికుల కోసమే కట్టిన కొత్త ఓడలు బారులు తీరాయి. సౌకర్యాలకు లోటు లేదు, కానీ ప్రతి మేకు ఖర్చూ టికెట్టులోనే ఉంది. ఒక్క పద్దు మాత్రం ఇప్పటికీ ఇతరుల ఖాతాలో పడుతోంది. 2007 నవంబరులో ఆ పాత ఎక్స్‌ప్లోరర్ దక్షిణ షెట్లాండ్ దీవుల దగ్గర మునిగినప్పుడు మొత్తం 154 మందినీ ఎక్కించుకున్నది నార్డ్‌నోర్గే, అంటే రిచర్డ్ విత్ మొదలుపెట్టిన టపా మార్గం కోసం కట్టిన ఓడల్లో ఒకటి. 2013 చివర్లో అకడెమిక్ షోకల్‌స్కీ మంచులో చిక్కుకుంటే 52 మందిని చైనా నౌక హెలికాప్టర్ మోసి, ఆస్ట్రేలియా ప్రభుత్వం సరఫరాలకు వాడుతున్న నౌకకు చేర్చింది. ఆ రెండు దేశాల పరిశోధన పనులు ఆ మేరకు ఆగాయి. అత్యవసర తరలింపు బీమా లేనిదే చాలా కంపెనీలు ఎక్కించుకోకపోవడం అందుకే. ఓడ ఎక్కే ఉషువాయా రేవు దాకా విమానం, ఒంటరిగా గది కావాలంటే అదనపు రుసుము ఎలాగూ బడ్జెట్‌లో రాసుకుంటారు. బీమాను మాత్రం తప్పని తలనొప్పిగా అడుగున చేరుస్తారు. పైవరసలో రాయాల్సిన పద్దు అది.