ఒకే గ్రుడ్డు: రాణీ, కూలీ

ఖమ్మం సీమ ముగిసి అడవులు చిక్కబడే చోట అశ్వారావుపేట ఉన్నది. అక్కడినుండి భద్రాచలం దాకా వ్యాపించిన అరణ్యభూములలో కోయలు, కొండరెడ్లు తరతరాలుగా తేనె సేకరిస్తున్నారు. 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడిన పిమ్మట మన్యపు తేనె సీసాలకెక్కి పట్టణ గృహాలలోనికి కూడ వచ్చినది. తేనె రుచి మనకందరికీ తెలుసును. ఆ తేనెను కూర్చిన సంఘం ఎట్టిదో తెలుసుకొనడానికి మాత్రం మానవునికి చాల కాలం పట్టినది.

తొర్రలోని పట్టును చూడండి. అందులో రాణి ఒక్కతే. ఆమె కొన్ని సంవత్సరాలు జీవించి గ్రుడ్లు పెడుతుంది. వేలకొలది కూలి ఈగలు ఆడవే అయినా వాటికి సంతానయోగం లేదు. పని ముమ్మరంగా సాగే ఋతువులో కొద్ది వారాలకే వాటి ఆయువు తీరుతుంది. ఈ భేదాన్ని చూచిన ఐరోపా శాస్త్రజ్ఞులు దానికి 'కాస్ట్' అని పేరు పెట్టినారు. మన జాతి వ్యవస్థను చెప్పడానికి పోర్చుగీసువారు వాడిన 'కాస్టా' నుండి ఇంగ్లీషులోనికి వెళ్ళిన మాట యిది. మన దేశం నుండి వెళ్ళిన అర్థమే చీమలకూ తేనెటీగలకూ అంటుకొన్నది. పుట్టుకతోనే పని నిర్ణయమైపోతుందన్న భావం ఆ మాటలో ఇమిడి ఉన్నది. చిత్రమేమంటే, ఆ భావం తేనెటీగ విషయంలో సరికాదని ఆనాటికే కొందరికి తెలుసును.

ప్రాచీనులు పట్టుకు రాజున్నాడనుకొన్నారు. పదునేడవ శతాబ్దంలో హాలెండు దేశీయుడైన స్వామర్‌డామ్ ఆ 'రాజు'ను కోసి చూచి, లోపల అండాశయాలను కనుగొన్నాడు. తరువాత 1760 ప్రాంతాలలో జర్మనీలోని లుసేషియా సీమకు చెందిన షీరాఖ్ అనే మతాచార్యుడు రాణి లేని ఈగలకు కూలి పిల్లలున్న పట్టు ముక్కను ఇచ్చినాడు. అవి ఆ పిల్లలలో నుండే రాణిని పెంచుకొన్నవి! ఈ మాట అనేకులు నమ్మలేదు. జినీవా వాసి ఫ్రాన్సువా హ్యూబర్ తన సహాయకుడు బర్నెన్స్ కన్నులతో చూచి, పరీక్షించి, 1792లో తన గ్రంథంలో దీనిని ధ్రువపరచినాడు. హ్యూబర్ అంధుడు. కన్నులున్నవారు శంకించిన సత్యాన్ని ఆయన స్థాపించినాడు.

ఫలదీకరణం పొందిన ఏ గ్రుడ్డైనా రాణి కాగలదు, కూలి కాగలదు. మొదటి మూడు రోజులూ పిల్లలన్నిటికీ దాదులు తమ శిరోగ్రంథుల నుండి స్రవించే రాయల్ జెల్లీనే పెడతవి. పిదప కూలి పిల్లకు పుప్పొడి, తేనె కలిపిన ఆహారం వస్తుంది. రాణి కావలసిన పిల్లకు చివరివరకు జెల్లీయే. పెద్ద గదిలో పెరిగిన రాణి పదునారు రోజులకు వెలువడితే, కూలికి ఇరువదియొక్క రోజులు కావలెను.

సంతానం లేని ఈ కూలీలు డార్విన్‌ను కూడ కలవరపెట్టినవి. తన సిద్ధాంతానికి వీటివల్ల ప్రాణాపాయమే కలుగునేమో అని మొదట తోచినట్లు 1859 నాటి గ్రంథంలో ఆయన ఒప్పుకొన్నాడు.

ఆహారం శరీరాన్ని ఎట్లా మార్చుతుంది? ప్రాణికి వంశపారంపర్యంగా వచ్చే డి. ఎన్. ఏ. ఒక గ్రంథమనుకొందాము. గ్రంథంలోని అక్షరాలు మారవు. ఏ పుట తెరవవలెనో, ఏ పుట మూయవలెనో తెలిపే రసాయనపు గుర్తులు మాత్రం మారుతవి. ఈ గుర్తుల శాస్త్రమే ఎపిజెనెటిక్స్. 2008లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రా శాస్త్రజ్ఞులు, అప్పుడే పుట్టిన తేనెటీగ పిల్లలలో మిథైల్ గుర్తులను వేసే ఒక ఎంజైమును అణచివేసినారు. వాటిలో అధికభాగం అండాశయాలు పెరిగిన రాణులుగా రూపొందినవి. అయితే కీటకాలన్నిటిలోను ఈ మిథైల్ గుర్తుకే సర్వాధికారం ఉన్నదనరాదు; దాని పాత్ర ఎంత అన్న వివాదం శాస్త్రజ్ఞులలో ఇంకను ఉన్నది.

ఇట్టి గుర్తులు అశ్వారావుపేట రైతులకు బొత్తిగా పరాయివి కావు. వారు విరివిగా పెంచే పామాయిలు చెట్టును కణజాలవర్ధనంతో ఉత్పత్తి చేసినప్పుడు కొన్ని మొక్కలకు వికృతమైన కాయలు కాచి, దిగుబడి పడిపోతుంది. ఒక చోట మిథైల్ గుర్తు లోపించడమే ఇందుకు కారణమని 2015లో మలేషియా పరిశోధకులు వెల్లడించినారు.

ఇక మన నెల్లూరుతో సంబంధమున్న ఒక చీమ కథ. 1840 దశకంలో నెల్లూరు సివిల్ సర్జనుగా ఉన్న టి. సి. జెర్డన్‌ను పక్షిశాస్త్రం ద్వారా పలువురు ఎరుగుదురు. కలివికోడికి ఇంగ్లీషులో ఆయన పేరే ఉన్నది. ఆయన దక్షిణ భారతదేశపు చీమల పట్టికను కూడ 1851లో మద్రాసు పత్రికలో ప్రకటించినాడు. పొడుగాటి దవడలతో, ఎగిరి దుమికే ఒక చీమను అందులో వర్ణించినాడు. దాని శాస్త్రనామం హార్పెగ్నాథోస్ సాల్టేటర్. నూటయాభై తొమ్మిది సంవత్సరాల తరువాత, 2010లో, దాని జన్యుపాఠమంతా ప్రకటింపబడినది. ఎపిజెనెటిక్స్ పరిశోధనకు నేడు అది ముఖ్యమైన ప్రాణి.

కారణం దాని నడవడి. రాణి చనిపోతే కూలీలు మీసాలతో ఒకదానినొకటి కొట్టుకొంటూ వారాల తరబడి పోటీపడతవి. గెలిచినవి గ్రుడ్లు పెట్టనారంభిస్తవి. ఏడు నెలలు బ్రదుకవలసిన చీమ నాలుగేండ్ల దాకా బ్రదుకగలదు! ఆహారాన్వేషణ మానుకొన్నందుకు కాబోలు, దాని మెదడు సుమారు ఐదోవంతు కుంచించుకొనిపోతుంది. 2021లో అమెరికా పరిశోధకులు అట్టి చీమలను వేరుపరచి ఉంచగా, అవి గ్రుడ్లు పెట్టడం మాని తిరిగి కూలీల వలె ప్రవర్తించినవి. కుంచించిన మెదడు మరల పూర్వపు పరిమాణానికి పెరిగినది.